నల్లపర్ర బురదలో చలమయ్య ఎడమకాలు

ఏ రాజు ఏ కోటలో ఏ కాలు ముందు పెట్టాడో రాసిపెట్టిన పండితులు మనకు చాలామంది ఉన్నారు. చలమయ్య నల్లపర్ర బురదలో ఎప్పుడూ ఎడమకాలే ముందు ఎందుకు పెట్టేవాడో విచారించినవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఇది చరిత్రకు తీరని లోటు. దొరికినంతవరకు ఆధారాలను బట్టి చూస్తే ఈ ఆచారం 1991 చైత్రంలో మొదలైంది. అప్పటినుంచి ప్రతి ఏడూ, ఆఖరి టిక్కీ మూతి కుట్టిన మర్నాడు (టిక్కీ అంటే మిరపకాయలు కూరిన గోతం), ఆయన పర్చూరు అవతలి తుమ్మలగుంటపాలెం నుంచి బయల్దేరి, రెండు బస్సులూ ఒక ఆటో మారి, సముద్రం పక్కనున్న ఆ ఉప్పు చెరువుకు చేరేవాడు. చొక్కా విప్పి, పంచె గోచీ పెట్టి, తూర్పుకు తిరిగి, ఎడమకాలు దించేవాడు. దీని మీద సిద్ధాంతాలు రెండున్నాయి. ఎడమ మోకాలు ఎక్కువ నొప్పి కాబట్టి దానికి అగ్రతాంబూలం దక్కిందనేది ఒకటి. మొదటిసారి కుడికాలి చెప్పు ఊడిరాక ఎడమకాలు ముందు దిగిందనేది రెండోది. రెండోది ఆయన భార్య మాణిక్యమ్మది. ఆవిడ ఆనాడు అక్కడ లేదు. అయినా ఆ ఇంటి విషయాల్లో ఆవిడ మాటే ప్రమాణం.

పర్ర అంటే మన వైపు ఏ పంటకూ ఒప్పుకోని ఉప్పునేల. చీరాల దాటి, సరుగుడు తోటలు దాటి, ఉప్పు మళ్ళ గట్ల మీదుగా మైలు దూరం నడిస్తే నల్లపర్ర వస్తుంది. దాని నడుమ చెరువు. ఆ చెరువు వానలకు నిండి, ఎండలకు కుంచించుకుపోతుంది. అలా కుంచించుకున్నప్పుడు ఒడ్డున మోకాలి లోతు బురద బయటపడుతుంది. కాటుకంత నలుపు, మీగడంత మెత్తన, మురిగిన కోడిగుడ్డంత వాసన. ఈ మూడో గుణమే దాని వైద్యశక్తికి మొదటి సాక్ష్యం. మంచి వాసన వచ్చే మందును మన రైతులు నమ్మరు.

ఆ బురదకు అధికారి యలమందయ్య. ఆయన్ని ఎవరూ నియమించలేదు. పక్కనే ఉప్పు మళ్ళలో పని, గట్టు మీద పాక, పాక ముందు మంచినీళ్ళ బోరింగు ఉన్నాయి. ఈ మూడూ ఉన్నవాడు ఎక్కడైనా అధికారే. రుసుము లేదు. వచ్చినవాళ్ళు తమ ఊళ్ళో పండిందేదో పాకలో పెట్టి వెళ్తారు. నిబంధనలు మాత్రం కఠినం. పాదం నుంచి పైకి పూసుకోవాలి. పైనుంచి కిందికి పూస్తే రోగం పాదాల్లోకి దిగి అక్కడే కాపురం పెడుతుంది. పూత ఎండి బీటలు వారేదాకా ఎండలో కూర్చోవాలి. తర్వాత చెరువు నీళ్ళతో కడుక్కుని, ఆ పైన బోరింగు నీళ్ళు పోసుకోవాలి. ఈ తతంగం నడుస్తున్నంతసేపూ డాక్టరు పేరు ఎత్తకూడదు. ఆడవాళ్ళకు అటుపక్క తాటాకు దడి కట్టి వేరే చోటు ఉంది. ఆ దడి చూపును ఆపేది గానీ మాటను ఆపేది కాదు. అందుకని అటువాళ్ళు ఇటు కబుర్లలోనూ ఇటువాళ్ళు అటు కబుర్లలోనూ నిస్సంకోచంగా వేలు పెట్టేవాళ్ళు.

మిరప ఊళ్ళలో నల్లపర్రకు అంత పేరు రావడానికి కారణం మంట. పూసుకున్న పావుగంటకల్లా మోకాళ్ళ దాకా భగ్గుమనేది. "లాగుతోంది" అనేవాళ్ళు రైతులు, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే ఒకరినొకరు అభినందించుకుంటూ. లోపలి వాతాన్ని బురద బయటికి లాగుతోందని దాని అర్థం. ఎంత మండితే అంత లాగినట్టు. ఈ విద్యలో చలమయ్య అగ్రగణ్యుడు. నాలుగు రోజులు పళ్ళు బిగబట్టి, "అబ్బబ్బబ్బ, ఏం లాగుతోందిరా నాయనా" అని మెలికలు తిరిగి, అయిదో రోజు ఊరికి వచ్చి, బురదలో కూర్చున్నంత సుఖం ఈ భూమ్మీద లేదని టీ బంకు దగ్గర ప్రకటించేవాడు.

ఏడాదిలో మిగతా మూడువందల అరవై రోజులూ ఆయన మామూలు మనిషి. రెండున్నర ఎకరాల నల్లరేగడి. అది మాణిక్యమ్మకు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చేను. ముప్పై ఏళ్ళుగా అందులో ఆయన మిరపే వేశాడు. ఊరంతా పత్తికి తిరిగిన ఒక ఏడు ఆయనా తిరిగి, పచ్చపురుగుతో పరిచయం చేసుకుని, మర్యాదగా వెనక్కి వచ్చేశాడు. ఊళ్ళో ఆయనకున్న పరువంతా అచ్చులో ఉంది. మిరప నారు నాటేముందు చేలో గళ్ళు గీయాలి. పళ్ళున్న దూలాన్ని ఎద్దులకు కట్టి, చేను పొడుగునా ఒకసారి, అడ్డంగా ఒకసారి తోలితే, గీతా గీతా కలిసిన చోటల్లా ఒక మొక్క. దీన్ని అచ్చు తోలడం అంటారు. గీత తిన్నగా వస్తే తర్వాత కలుపు తీసే గుంటక రెండు వైపులా హాయిగా తిరుగుతుంది. వంకర పోతే ఆ గుంటక కలుపుతో పాటు మొక్కనూ కోస్తుంది. అంతకన్నా ఘోరమేమిటంటే, రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ ఆ వంకర కనిపిస్తుంది. చలమయ్య చేను బస్సు రోడ్డు పక్కనే. ముప్పై ఏళ్ళు అది ఇస్త్రీ చేసిన గళ్ళ లుంగీలా ఉండేది.

1998లో మోకాలు మాట వినలేదు. అది ఎవరికీ తెలియకూడదని ఆయన హడావిడిగా నడిచాడు. ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చింది, కాలితో పాటు చెయ్యి, చేత్తో పాటు దూలం. నాట్లు అయ్యాక చూస్తే చేను ఉతికి పిండిన లుంగీలా ఉంది. గుంటక తోలిన రోజున తెగిన మొక్కలు రెండు గంపలకు వచ్చాయి. ఊళ్ళోవాళ్ళు పరామర్శకు వచ్చారు. పరామర్శకు వచ్చినవాళ్ళు నవ్వకూడదు కాబట్టి రోడ్డు ఎక్కాక నవ్వారు.

మరుసటి చైత్రంలో, అంటే 1999లో, నల్లపర్రలో మునుపెన్నడూ లేనంత మంట పుట్టింది. బురద ఈసారి రోగాన్ని వేళ్ళతో సహా లాగేసిందని చలమయ్య సంతోషించాడు. జ్యేష్ఠం వచ్చేసరికి గోడ పట్టుకోకుండా మంచం మీంచి లేవలేకపోయాడు.

ఈ దశలో బుల్లయ్య వచ్చాడు. బుల్లయ్య మాణిక్యమ్మ తమ్ముడు. అదే ఊళ్ళో ఉంటాడు. తన ఎకరంతో పాటు నలుగురి చేలు కౌలుకు చేస్తాడు. మంచివాడు. అదే చిక్కు, చెడ్డవాడైతే తిట్టి పంపొచ్చు.

"బావా, ఈ ఏడు నీ చేను నాకియ్యి. నువ్వు గట్టు మీద కూచుని చూడు, మారాజులాగా" అన్నాడు.

"గట్టు మీద కూచున్నోణ్ణి మారాజనర్రా, ముసలోడంటారు."

"కాదా మరి?"

"ఒరేయ్, మీ అక్క మొహం చూసి ఊరుకుంటున్నా."

"నా మొహం నువ్వెప్పుడు చూశావయ్యా!" అంది మాణిక్యమ్మ వంటింట్లోంచి. తర్వాత చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి తీర్పు చెప్పింది. "ఇద్దరూ వినండి. శ్రావణంలో అచ్చు ఈయనే తోలతాడు. తిన్నగా వస్తే సాగు ఈయనది. పోయినేటి లాగా వంకర పోయిందా, చేను బుల్లయ్యకు కౌలు. మళ్ళీ మాట్లాడేది లేదు."

చేను ఆవిడది కాబట్టి అప్పీలు లేదు. చేను చెయ్యిదాటితే తను ఏమవుతాడో చలమయ్యకు తెలుసు. పొలం కౌలుకిచ్చినవాళ్ళు ఊళ్ళో ఏడుగురున్నారు. పొద్దున ఆరింటికి టీ బంకు దగ్గర పేపరు చదువుతారు, పదింటికి మళ్ళీ అదే పేపరు చదువుతారు. అందులో ఒకాయన వరస తప్పకుండా వర్షపాతం పట్టిక పైకి చదువుతాడు, తన పొలంలో తనకేమీ పని లేకపోయినా. ఎనిమిదోవాడు కావడానికి చలమయ్యకు మనసొప్పలేదు.

అందుకని ఎవరూ చేయని పని చేశాడు. ఆషాఢంలో నల్లపర్రకు బయల్దేరాడు. చైత్రంలో ఒకసారి లాగింది కాబట్టి, ఇంకోసారి లాగితే మిగిలింది కూడా వచ్చేస్తుందని లెక్క.

"నేనూ వస్తా. ఆ బురద సంగతేందో ఈసారి నా కళ్ళతో చూస్తా" అంది మాణిక్యమ్మ.

"నువ్వెందుకు? అది రోగమున్నోళ్ళు పోయే చోటు."

"ముప్పై ఏళ్ళు వంగి మిరపకాయ కోసిన నడుం నాది. దానికి రోగం లేదని నీకెవరు చెప్పారు?"

చలమయ్య పెరుగన్నం క్యారేజీ ఆవిడ చేతికిచ్చి, బస్సెక్కాడు.

నల్లపర్రలో ఆ వేళ జనం లేరు. మిరప రైతులంతా చైత్రంలోనే వచ్చి వెళ్ళిపోయారు. చలమయ్య తూర్పుకు తిరిగి, శాస్త్రోక్తంగా కాళ్ళు దించి, పాదం నుంచి తొడ దాకా దట్టంగా పూసుకుని, ఎండలో కూర్చుని, పళ్ళు బిగబట్టాడు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. ఆయన బిగబట్టిన పళ్ళు నొప్పి పుట్టాయి.

"యలమందయ్యా, లాగట్లా" అన్నాడు.

"లాగుద్దండీ. ఆగండి."

"అరగంటయింది. చల్లగా ఉంది."

"చల్లగానా!" యలమందయ్య చేతిలోని పార కింద పెట్టాడు. తన దుకాణం మిఠాయి తియ్యగా లేదన్నప్పుడు మిఠాయివాడి ముఖం ఎలా ఉంటుందో అలా అయింది ఆయన ముఖం. వచ్చి, వేలితో కాస్త బురద తీసి, వాసన చూసి, నాలిక మీద పెట్టుకున్నాడు. "ఉప్పుంది. కంపుంది. అంతా సరిగ్గానే ఉందే."

"మంట లేదు గదా."

"రొయ్యల చెరువులోళ్ళు మందు నీళ్ళు వదిలారేమో. దాంతో సారం పోయుంటది."

"నాలుగు మైళ్ళ అవతలున్నాయి అవి."

"అయితే మీరేదన్నా తప్పు చేసుంటారు."

"నేనేం తప్పు చేశాను?"

"ఆషాఢంలో రావటం తప్పు కాదా? మందుకైనా ఓ ముహూర్తముంటది గదండీ."

చలమయ్యకు కోపం వచ్చింది. శ్రావణానికి ఇరవై రోజులుంది. చేను పోయే సమయంలో మందు పనిచేయకపోవడం ఆయనకు నమ్మకద్రోహంలా తోచింది. "తొమ్మిదేళ్ళు వచ్చాను నీ బురదకి! ఇప్పుడా ఎగ్గొట్టేది?" అని గట్టిగానే అన్నాడు. యలమందయ్య కూడా గట్టిగానే, "బురద నేను చేసిందా అండీ?" అన్నాడు. మాటా మాటా పెరిగేలోగా దడి అవతలినుంచి ఒక గొంతు వినిపించింది.

"బాబాయ్, నేనొక మాట చెప్పనా? తిట్టకూడదు."

ఆవిడ రహమతున్నీసా. చీరాలలో బట్టలు కుడుతుంది. మిషను తొక్కీ తొక్కీ మోకాళ్ళు పట్టేస్తే ఎనిమిదేళ్ళుగా నెలకోసారి ఇక్కడికి వస్తోంది.

"చెప్పమ్మా" అన్నాడు యలమందయ్య.

"నాకెప్పుడూ మండలా."

యలమందయ్య దడి దగ్గరికి వచ్చాడు.

"ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ లేదా?"

"ఒక్కసారీ లేదు. చల్లగా ఉంటది. నొప్పి ఓ నాలుగు రోజులు తగ్గుతది, మళ్ళీ వస్తది. రైతులంతా లాగుతోంది లాగుతోంది అంటుంటే, నా జబ్బు లాగేంత పెద్దది కాదేమో అనుకున్నా. చెప్తే నన్ను రావద్దంటారని చెప్పలా."

"మరి నువ్వూ అమ్మో అబ్బో అనేదానివి గదమ్మా! నేను విన్నాగా?"

"అందరూ అంటుంటే నేనొక్కదాన్ని అనకపోతే బాగుంటదా?"

యలమందయ్య తన కాళ్ళ వంక చూసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నిజం చెప్పాలంటే నాకూ ఎప్పుడూ మండలేదండీ" అన్నాడు. "నలభై ఏళ్ళు ఉప్పులో నానిన కాళ్ళు గదా, తోలు చచ్చిందనుకున్నా."

అలా ఒక్క పూటలో నల్లపర్ర వైద్యశాస్త్రానికి మూలస్తంభాలు మూడూ కూలాయి. శిథిలాల మధ్య నుంచి మాణిక్యమ్మ ప్రశ్నలు మొదలుపెట్టింది, అదీ దడి అవతలినుంచే.

"ఏమయ్యో, చైత్రంలో ఇక్కడికి ఎప్పుడొస్తావు నువ్వు?"

"టిక్కీలు కుట్టిన మర్నాడు."

"కుట్టే రోజున ఏం చేస్తావు?"

"తొక్కుతా."

టిక్కీలో కాయ కుదురుగా పట్టాలంటే మనిషి గోతంలోకి దిగి తొక్కాలి. ఎండుమిరపలో మోకాళ్ళ దాకా కూరుకుపోయి, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా తొక్కుతూనే ఉండాలి. ఆ ఊళ్ళో రైతన్నవాడు తన టిక్కీలు తనే తొక్కుతాడు. కూలివాడు తొక్కితే కాయ నలుగుతుందని భయం.

"తొక్కి కాళ్ళు కడుక్కుంటావా?"

"బోరింగు కింద పెడతా."

"మిరప ఘాటు నీళ్ళకు పోద్దా? ఆ రాత్రి నీ కాలు పొరపాటున తగిల్తే నాకు తెల్లార్లూ మంట. నువ్వు కాళ్ళు కడిగిన తొట్లో గేదె మూతి పెట్టదు. ఆ కాళ్ళకి ఉప్పు బురద పూసుకుని ఎండలో కూచుంటే మండక, మల్లెపూలు పూస్తాయా?"

దడి అవతల రహమతున్నీసా నవ్వు ఆపుకోలేకపోయింది. యలమందయ్య మర్యాద కోసం మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ముప్పై ఏళ్ళ కాపురంలో మాణిక్యమ్మ చెప్పినవి చాలావరకు నిజమయ్యాయి. ఆ కారణంగానే చలమయ్య దీన్ని వెంటనే ఒప్పుకోదలచలేదు. దేన్నయినా పరీక్షించి తేల్చాలన్నాడు. లేచి, కుంటుకుంటూ పాకలోకి వెళ్ళి, చైత్రంలో తను యలమందయ్యకు తెచ్చి ఇచ్చిన కారం డబ్బా పట్టుకొచ్చాడు. దడి అవతలికి వినబడేలా చెబుతూ ఒక గుప్పెడు బురదలో ఒక గుప్పెడు కారం కలిపాడు. దాన్ని ఎడమ మోకాలికి పట్టించాడు. కుడి మోకాలికి ఉత్త బురద. రెండిటినీ పోల్చి చూడాలి గదా.

"అన్నయ్యగారూ, వద్దండీ" అంది దడి అవతలినుంచి రహమతున్నీసా.

"పూసుకోనీ తల్లీ. ఆయనకు చెప్తే తెలవదు" అంది మాణిక్యమ్మ.

పరీక్ష ఫలితం రావడానికి పావుగంట పట్టలేదు. కూర్చున్నచోటి నుంచి నీళ్ళ దాకా అరవై గజాలుంటుంది. ఆ అరవై గజాలూ చలమయ్య పరిగెత్తాడు. కుంటలేదు, ఈడ్వలేదు, ఎవరినీ పట్టుకోలేదు. గోచీతో, ఒక కాలు నల్లగా, ఒక కాలు ఎర్రగా, అమ్మో అయ్యో అని అరుస్తూ వెళ్ళి నీళ్ళలో పడ్డాడు. అది ఉప్పునీరు కాబట్టి మళ్ళీ అంతే వేగంతో బయటికి వచ్చాడు. యలమందయ్య బోరింగు కొట్టాడు. దానికీ తగ్గకపోతే మాణిక్యమ్మ క్యారేజీ విప్పింది. ఆ మధ్యాహ్నం వాళ్ళు తినాల్సిన పెరుగన్నమంతా ఎడమ మోకాలు తినేసింది.

"అచ్చుకి ఇదే మంచిదయ్యా, ఒక సాలుకి ఒకసారి కారం పూసుకుని పో. ఎద్దుల కన్నా ముందుంటావు" అంది మాణిక్యమ్మ, మెతుకులు అద్దుతూ.

చలమయ్య ఒకటిన్నర రోజు బురద జోలికి పోలేదు. పాక నీడన కూర్చుని, ఇంత దూరం వచ్చి ఊరికే తిరిగిపోవడం ఎలా అని ఆలోచించాడు. మూడో రోజు ఉదయం, వేరే పని లేక, వెళ్ళి ఉత్త బురద పూసుకుని కూర్చున్నాడు.

తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆయనకు అక్కడ ఓర్చుకోవడానికి ఏమీ లేదు. ఓర్చుకునే పని లేకపోయేసరికి మిగతావన్నీ తెలిశాయి. బురద పైపొర ఎండకు వెచ్చగా ఉంటుంది, వేళ్ళు లోపలికి పోనిస్తే అడుగున చల్లగా ఉంటుంది. పూత ఆరుతున్నకొద్దీ చర్మం మెల్లగా బిగుసుకుని, ఎవరో రెండు చేతులతో మోకాలిని పట్టుకున్నట్టు ఉంటుంది. ఉప్పు మళ్ళ మీదినుంచి వచ్చే గాలికి ఒక పక్క వెచ్చన, ఒక పక్క చలి. దూరంగా ఉప్పు రాశులు, వాటి వెనక సరుగుడు చెట్ల హోరు, ఆ హోరు వెనక ఇంకో హోరు. అది సముద్రం. తొమ్మిదేళ్ళుగా సముద్రం అక్కడే ఉన్నా తను ఇన్నాళ్ళూ దాన్ని వినలేదని చలమయ్యకు అప్పుడు తెలిసింది. బీటలు వారిన పూతను గోటితో గిల్లితే పెంకులు పెంకులుగా లేచింది, ఆ ఆటలో ఒక గంట గడిచింది. తర్వాత కూర్చున్నచోటే నిద్రపోయాడు. పట్టపగలు, పనివేళ, ఆరుబయట చలమయ్య నిద్రపోవడం పెళ్ళయ్యాక అదే మొదలు.

లేచాక ఆయనకు ఒక అనుమానం పట్టుకుంది. "యలమందయ్యా, ఇంత హాయిగా ఉంటే ఇది వైద్యమెట్టా అవుద్ది?"

"అయితే వైద్యం కాదులెండి" అన్నాడు యలమందయ్య. "కూచోండి."

ఆయన మరో నాలుగు రోజులు కూర్చున్నాడు. దడి అవతల మాణిక్యమ్మ నడుముకు పూసుకుని బోర్లా పడుకుంది. రహమతున్నీసా ఆవిడ వీపు మీద పూత సర్దుతూ కుట్టు కూలి గురించీ, రవిక చేతుల పొడవు గురించీ కబుర్లు చెప్పింది. తిరుగు ప్రయాణంలో బస్సు చిలకలూరిపేట రోడ్డు ఎక్కాక మాణిక్యమ్మ ఇటు తిరిగింది.

"తొమ్మిదేళ్ళు. ఒక్కసారి నన్ను తీసుకురాలా" అంది మాణిక్యమ్మ.

"మండిద్దని."

"మండలా గదా."

చలమయ్య ఆవిడ ఒళ్ళోని క్యారేజీ తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మోకాలెట్టుంది?" అంది మళ్ళీ.

"నొప్పుంది. కాకపోతే నొప్పి నొప్పిగానే ఉంది. ఇదివరకు దాంతోపాటు కోపం కూడా ఉండేది."

శ్రావణం మొదటివారంలో వాన పడింది. నేల పదునెక్కింది. చలమయ్య తెల్లవారుతూనే ఎద్దులకు దూలం కట్టాడు. బుల్లయ్య గట్టు మీద నిలబడ్డాడు. బస్సు కోసం వచ్చిన నలుగురు బస్సు వచ్చినా ఎక్కలేదు. మాణిక్యమ్మ చేను అటు చివరకు వెళ్ళి నిలబడింది.

మొదటి సాలు వేసి, అటు గట్టు చేరి, చలమయ్య కూర్చున్నాడు. పంచె సర్దుకుని, కాలు చాపి, మోకాలి మీద చెయ్యి వేసుకుని, ఎద్దుల్ని చూస్తూ చుట్ట వెలిగించాడు. ముప్పై ఏళ్ళలో ఆయన పని మధ్యలో కూర్చోవడం ఊళ్ళో ఎవరూ చూడలేదు.

"ఏంది బావా, అప్పుడే మారాజువయ్యావా?" అన్నాడు బుల్లయ్య.

"అవున్రా. చుట్ట కావాలా?"

చుట్ట అయ్యాక లేచి రెండో సాలు వేశాడు. మళ్ళీ కూర్చున్నాడు. హడావిడి లేదు, దాచుకోవడం లేదు. కుంటుతున్నప్పుడు ఊరి ముందే కుంటాడు, కుంటి అడుగు పడేముందు ఎద్దుల్ని అదిలించి ఆపి, కాలు సర్దుకుని, మళ్ళీ కదిలించాడు. మామూలుగా పూటన్నరలో అయ్యే పనికి మూడు రోజులు పట్టింది. మధ్యలో బుల్లయ్య రెండుసార్లు, "బావా, ఒక్క గంట నేను పట్టుకుంటా, ఎవరికీ చెప్పన్లే" అన్నాడు. అది దురాశతో కాదు, చూడలేక. చలమయ్య ఇవ్వలేదు. మూడో రోజు సాయంత్రానికి నిలువూ అడ్డమూ పూర్తయ్యాయి. గళ్ళు తిన్నగా ఉన్నాయి. రోడ్డు వారనున్న చివరి రెండు సాళ్ళు కాస్త ఎడమకు ఒరిగాయి. మాణిక్యమ్మ చేనంతా చుట్టి చూసింది గానీ అటువైపు చూడలేదు.

"రేపు నాట్లకు ఆడవాళ్ళను పిలుచుకురారా" అంది తమ్ముడితో.

"అయితే కౌలు లేనట్టేనా అక్కా?"

"లేదు. కాసిని మంచినీళ్ళు తెచ్చి మీ బావకియ్యి."

ఊరు దీన్ని నల్లపర్ర మహిమగా గుర్తించింది. బురద కాదు, మంట మిరపకాయదని మాణిక్యమ్మ నీళ్ళ పంపు దగ్గర అందరికీ విడమరిచి చెప్పింది. ఎవరూ నమ్మలేదు. మరుసటి చైత్రంలో తుమ్మలగుంటపాలెం నుంచి పదకొండుమంది టిక్కీలు తొక్కిన కాళ్ళతోనే నల్లపర్రకు వెళ్ళి, కళ్ళనీళ్ళతో తిరిగివచ్చి, బాగా లాగిందని సాక్ష్యం చెప్పారు. చలమయ్య, మాణిక్యమ్మ మాత్రం అప్పటినుంచి ఏటా ఆషాఢంలో వారం రోజులు వెళ్ళి ఊరికే కూర్చుని వస్తున్నారు. మోకాలు అలాగే ఉంది.

2000 శ్రావణంలో బుల్లయ్య ఊళ్ళోకి ఒక బాడుగ ట్రాక్టరు తీసుకొచ్చాడు. అప్పటినుంచి చలమయ్య చేనుతో సహా ఊళ్ళో అన్ని చేలకూ అచ్చు అదే తోలుతోంది. ఎకరానికి ఇరవై నిమిషాలు పడుతుంది.